ఎఱ్ఱని కళ్ళము, తెల్లని చేను, నల్లని పెట్టె

మాఘ ఫాల్గుణములు వచ్చుసరికి గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల మెట్టపొలములు ఏకకాలమున మూడు వర్ణములు ధరించును. కడపటి తీతకు మిగిలిన పత్తిచేలు తెల్లగా విచ్చి నిలిచియుండును. ఆ ప్రక్కనే కళ్ళములయందు పట్టాలపై ఆరబోసిన మిరపకాయలు ఎండకు ఎఱ్ఱగా మెఱయుచుండును. ఈ రెంటికిని అడుగున నల్లరేగడి నెఱ్ఱెలు విచ్చియుండును. ఫొటోగ్రఫీయందు మక్కువ గలవానికి ఇంతకంటె కన్నులపండువైన దృశ్యము వేఱొకటి దొరకదు. వాని మెడలో వ్రేలాడు డీఎస్‌ఎల్‌ఆర్ కెమెరాకు ఇంతకంటె కఠినమైన పరీక్షయు దొరకదు. ఏలయన ఈ మూడు రంగులును కెమెరా వేయు వెలుతురు లెక్కను మూడు తీరుల తప్పుదారి పట్టించును. వానినుండి లేచు నూగు, కారపుపొడి, దుమ్ము దాని కడుపులో ప్రవేశించి, యజమానుడు గుర్తెఱుగకమునుపే ప్రతి బొమ్మమీదను మచ్చయై నిలుచును. కెమెరాతోపాటు వచ్చు చిన్నపుస్తకమునందు మిరపకళ్ళమును గూర్చి ఒక్క ముక్కయు ఉండదు. కావున ఈ ప్రాంతపు ఔత్సాహికులకు ఉపకరించు నాలుగు మాటలు ఇచ్చట వ్రాయుచున్నాను.

ఈ మాటలిప్పుడెందుకన్న ప్రశ్న పుట్టవచ్చును. 1991లో కొడాక్ సంస్థ నికాన్ ఎఫ్3 అను ఫిల్ము కెమెరా వెనుక సెన్సారు నమర్చి, పదమూడు లక్షల చుక్కల బొమ్మను తీయగల డీసీఎస్ అను యంత్రమును విపణిలో ప్రవేశపెట్టినది మొదలు, 1999లో నికాన్ డీ1, 2003లో కెనాన్ 300డీ వెలువడి ఈ విద్యను పత్రికా కార్యాలయములనుండి మధ్యతరగతి గృహములకు దింపువఱకు వైభవముగా సాగిన అద్దపు కెమెరాల శకము, నేడు అస్తమించుచున్నది. తమ పతాకశ్రేణి డీఎస్‌ఎల్‌ఆర్‌లలో 1డీఎక్స్ మార్క్ 3 యే కడపటిదని కెనాన్ అధినేత 2021 డిసెంబరులోనే ప్రకటించియున్నాడు. పెంటాక్స్ వంటి ఒకరిద్దరు తప్ప తక్కిన వారందఱు అద్దములేని మిర్రర్‌లెస్ కెమెరాలవైపు మఱలిరి. ఇది అభిరుచిపరునకు శోకించవలసిన విషయము కాదు. పెండ్లి ఫొటోగ్రాఫర్లు క్రొత్త యంత్రములు కొనుచు విడిచిపెట్టుచున్న పాతవి చవుకగా లభించుచున్నవి. నికాన్ 1959లో తెచ్చిన ఎఫ్ మౌంటునకు, కెనాన్ 1987లో తెచ్చిన ఈఎఫ్ మౌంటునకు తయారైన లెన్సులు అసంఖ్యాకముగా చేతులు మాఱుచున్నవి. అయితే మునుముందు విడిభాగములు దొరకుట కష్టమగును గనుక, ఉన్నదానిని కాపాడుకొను విద్య మాత్రము వెనుకటికంటె ఇప్పుడే ఎక్కువ అవసరము.

కాపాడుకొనుటకు ముందు దాని లోపలి అమరిక కొంత తెలియవలెను. లెన్సునకు వెనుక నలువదియైదు డిగ్రీల వాలులో ఒక అద్దముండును. అది వెలుగును పైకి మఱల్చి, పట్టకముద్వారా మన కంటికి చేర్చును. మీట నొక్కినంతనే అద్దము పైకి లేచును, దాని వెనుకనున్న షట్టరు తెరలు తెఱచుకొనును, వెలుగు సెన్సారుపై పడును. క్షణములో సగముకూడ గడువక మునుపే అంతయు మూసికొనును. కదలు భాగములు ఇన్ని కలిగిన పెట్టెలో దుమ్ము చేరుటయే కాక, అద్దము లేచినపుడెల్ల ఆ గాలికి ఎగిరి, ఒకచోటినుండి మఱియొకచోటికి పోవుచుండును. సినిమా రీలువలె ప్రతి బొమ్మకును క్రొత్త ఫిల్ము వచ్చు కాలమున ఒక ధూళికణము ఒక్క బొమ్మనే చెఱచెడిది. సెన్సారు మాఱదు గనుక ఇప్పుడు అది తుడుచువఱకు అన్నిటిని చెఱచును.

ఆ దుమ్మునకు సింహద్వారము లెన్సు మార్పిడి. వండిన అన్నపుగిన్నె మూత తీసి నడివీథిలో నిలిపెడు ఇల్లాలు ఉండదు కదా. పత్తి జిన్నింగు మిల్లు ముంగిట నిలిచి లెన్సు విప్పెడు యువకులు మాత్రము కొల్లలుగా కనబడుదురు. దూదినూగు మట్టివలె బరువుగా క్రిందికి దిగదు. గాలిలో తేలియాడుచు, తాకినదానినెల్ల అంటుకొనును. అది పొడవైన పోగు గనుక బొమ్మలో చుక్కగాగాక మెలిదిరిగిన వెంట్రుకగా కనబడును. కావున పత్తి తీతలకు గాని, మిల్లునకు గాని, గుంటూరు మిర్చి యార్డునకు గాని పోవునపుడు ఇంటియొద్దనే ఒక్క లెన్సును ఎన్నుకొని, బిగించి, మరల ఇల్లు చేరువఱకు విప్పకుండుటయే ఉత్తమము. దగ్గఱను దూరమును ఒక్కటియే చూపగల 18-140 వంటి జూములను నిపుణులు చిన్నచూపు చూతురు. అట్టి చోట వారి మాట వినవలదు. తప్పనిసరియై మార్చవలసివచ్చినచో కారులో కూర్చుండి, అద్దములు మూసి, చల్లగాలి యంత్రము నాపి, కెమెరా స్విచ్చి కట్టి, దాని నోరు నేలవైపునకు వంచి, రెండవ లెన్సు వెనుక మూత ముందుగానే వదులుచేసి ఉంచుకొని, ఒక్క కదలికలో ముగింపవలెను. మూతలు జేబులో వేసికొనరాదు. జేబు అడుగుననుండు పీచంతయు మూతకు, మూతనుండి లెన్సునకు, లెన్సునుండి సెన్సారునకు ప్రయాణము చేయును.

మిరపకారమునకు సంబంధించి వేఱొక ప్రమాదము కలదు. యార్డులో టిక్కీలు అను మిరపబస్తాలు విప్పి కుమ్మరించునపుడును, కూలి స్త్రీలు గుంపులుగా కూర్చుండి తొడిమలు తీయుచు, తాలుకాయలు ఏఱుచున్నపుడును లేచు ఘాటు మనకు తుమ్ములు తెప్పించి ఊరకుండదు; వ్యూఫైండరు చుట్టునున్న రబ్బరు మెత్తపై పేరుకొనును. అచ్చట ఒక కాయను పట్టి చూచిన వ్రేళ్ళతోనే ఆ మెత్తను సర్దుదుము. పిదప కన్ను దానికి ఆనింతుము. తరువాత జరుగునది చెప్పనక్కఱలేదు. కారమునకు మూలమైన క్యాప్సేయిసిన్ నీటిలో కరుగదు, నూనెలోను, స్పిరిటులోను కరుగును, సబ్బునకు వదలును. కావున ఉత్త నీళ్ళతో ముఖము కడిగికొన్నందువలన ప్రయోజనము అత్యల్పము. పెక్కు డీఎస్‌ఎల్‌ఆర్‌లలో ఆ రబ్బరు మెత్త పైకి జరిపిన ఊడివచ్చును. యార్డునుండి వచ్చినంతనే దానిని తీసి, సబ్బునీటితో కడిగి, నీడన ఆరబెట్టవలెను. మెడపట్టీని సైతము అట్లే ఉతుకవలెను. లెన్సు ముందుభాగమును కండువాతోనో, చొక్కా అంచుతోనో తుడుచుట మహాపరాధము. కారపుపొడిలో కలిసియుండు ఇసుకరేణువు గాజుపై పూతను గీరును. మొదట రబ్బరు బుడ్డితో ఊదవలెను, పిదప మెత్తని కుంచెతో దులుపవలెను, ఇంకను పోని మరకను మాత్రమే లెన్సు ద్రవమద్దిన మైక్రోఫైబరు గుడ్డతో నడుమనుండి అంచునకు సున్నితముగా చుట్టుచు తుడువవలెను. ఈ క్రమము తలక్రిందులు చేయువారే లెన్సులను ఎక్కువగా పాడుచేసికొనుచున్నారు.

ఇన్ని జాగ్రత్తలు పాటించినను కొంత దుమ్ము లోన చేరక మానదు. చేరినదో లేదో తెలిసికొనుటకు పరీక్ష సులభమైనది. లెన్సును ఎఫ్/16 కు తగ్గించి, ఫోకసును చేతితో చెదరగొట్టి, వెల్లవేసిన గోడను గాని నిర్మలాకాశమును గాని తెరనిండ ఒక బొమ్మ తీసి, పెద్దదిగా చేసి చూచిన, నల్లని మసకచుక్కలు బయటపడును. ఎఫ్/4 వద్ద ఇవి కనబడవు. అందుచేతనే చాలమంది తమ సెన్సారు పరిశుభ్రమని భ్రమపడి, కంభం చెఱువువంటి విశాలదృశ్యములను ఎఫ్/16 తో తీసిననాడు ఆకాశమంతయు మచ్చలు చూచి నివ్వెఱపోవుదురు. సెన్సారుపై బిందువును వెదకునపుడు ఒక మర్మము గుర్తుంచుకొనవలెను: లెన్సు బొమ్మను తలక్రిందులుగా వేయును గనుక, బొమ్మలో పైన ఎడమమూల కనబడిన మచ్చ, ముందునుండి పెట్టెలోనికి చూచినపుడు క్రింది ఎడమమూలన ఉండును.

శుభ్రపఱచుటకు గదిలో పంకా ఆపి, బ్యాటరీని నిండుగా ఛార్జి చేసి, మెనూలోని సెన్సారు క్లీనింగు అను ఆజ్ఞతో అద్దమును పైకి లేపి, కెమెరాను నేలవైపు బోర్లించి పట్టుకొని, రబ్బరు బుడ్డితో క్రిందినుండి పైకి నాలుగైదుమార్లు ఊదవలెను. బ్యాటరీ నడుమ నీరసించినచో అద్దము వచ్చి బుడ్డిమొనపై పడును. నోటితో ఊదరాదు, ఉమ్మితుంపర పడిన మరక దుమ్ముకంటె మొండిది. డబ్బాలో నింపి అమ్ము ఒత్తిడిగాలి అంతకంటె చేటు. అందలి ద్రవము చిమ్మి గాజుపై పొరకట్టును. వెలుగును మఱల్చు ఆ అద్దమును మాత్రము గుడ్డతో తాకనే తాకరాదు. మన ముఖము చూచుకొను అద్దమునకు పూత వెనుక నుండును, దీనికి ముందు నుండును. ఒక్క రుద్దుతో అది లేచిపోవును. పైగా అద్దముమీది దుమ్ము కంటికి కనబడునేగాని బొమ్మలోనికి రాదు. దానిని గూర్చి బెంగపడువారి సంఖ్య ఎక్కువ, బెంగపడవలసిన పనియే లేదు. బుడ్డికి లొంగని మరకకు సెన్సారు వెడల్పునకు సరిపోవు తడిపుల్లలు అమ్ముచున్నారు. రెండుమార్లు ప్రయత్నించి లొంగనిచో సేవాకేంద్రమునకు అప్పగించుటయే వివేకము.

ఇక వెలుతురు విషయము. కెమెరాలోని కొలమానమునకు రంగుల పేర్లు తెలియవు. తానుచూచిన దృశ్యమంతయు సగటున నడిమి బూడిదవన్నెయే అని నమ్మి అది లెక్క వేయును. చట్రమంతయు పత్తి నిండినచో ఆ తెలుపును బూడిదగా మార్చును. దున్నిన రేగడి నిండినచో ఆ నలుపును సైతము బూడిదగానే మార్చును. కావున పత్తికి ఎక్స్‌పోజరు సవరణమీటను ఒకటివఱకు పెంచవలెను. రేగడికి ముప్పాతిక మొదలు ఒకటివఱకు తగ్గింపవలెను. అయితే దీనిని కంఠస్థము చేసి ప్రతి తెలుపునకు పెంచుట తగదు. గుంటూరు చేరువనే ఉప్పలపాడు చెఱువులో గూడబాతులు, ఎఱ్ఱకాళ్ళ కొంగలు గూళ్ళు కట్టుకొని, ఊరివారి సంరక్షణలో నిర్భయముగా పిల్లలను పెంచుచుండును. అచ్చట చీకటిగానున్న నీటిపై తెల్లని కొంగ ఒక్కటి ఎగురుచున్నపుడు కొలమానము నీటి నలుపును చూచి వెలుతురు పెంచును, కొంగ ఱెక్కలలోని ఈకల గీతలన్నియు తెల్లబోయి మాసిపోవును. అక్కడ పెంచుట కాదు, తగ్గింపవలెను. తెలుపు ఎంతమేర నిండినదన్నదే ప్రశ్న. పక్షులకు షట్టరు వేగము సెకనులో వేయవవంతునకు తగ్గరాదు. ఫ్లాషు వాడనే వాడరాదు. గూళ్ళు కట్టు ఋతువున గట్టు దిగి చేరువకు పోరాదు.

ఎఱుపు సంగతి వీనికంటె చిక్కైనది. కళ్ళము బొమ్మలు తీసినవారందఱు చేయు ఫిర్యాదొకటి కలదు: కాయకు కాయ విడిగా తోపక, అంతయు ఒకే ఎఱ్ఱముద్దగా వచ్చినదని. లోపము లెన్సుది కాదు. 1976లో కొడాక్ ఉద్యోగి బ్రైస్ బేయర్ పేటెంటు పొందిన అమరికనే నేటికిని పెక్కు సెన్సారులు అనుసరించుచున్నవి. దానిలో సగము గదులు పచ్చనివి, నాల్గవవంతు నీలివి, ఎఱ్ఱనివి నాల్గవవంతు మాత్రమే. తేజ, సన్నం రకముల కాయల నిగనిగలాడు ఎఱుపును గ్రహించు భారమంతయు ఆ నాల్గవవంతుపై పడును. మిగిలిన రెండు రంగులకు చోటుండగనే ఎఱుపు పొంగిపొరలును. తెరపై మామూలుగా కనబడు తెల్లని హిస్టోగ్రామ్ దీనిని పట్టజాలదు, ఏలయన ఆ సగటులో పచ్చదనమునకే పెద్దపీట. మెనూలో మూడురంగుల హిస్టోగ్రామ్ ఎంచుకొని, ఎఱ్ఱని గుట్ట కుడిగోడను తాకకుండునట్లు సవరణను మూడింట రెండువంతులు తగ్గించి చూడుడు. వివిడ్ అను రంగుల పద్ధతిని విడిచి న్యూట్రల్ నుంచుడు. జేపెగ్‌తోపాటు రా దస్త్రమునుకూడ భద్రపఱచినచో తరువాత ఇంట సవరించుటకు అవకాశముండును.

ఎఱుపును ముంచునది కాయలమీది తళుకుకూడ. దానిని తీసివేయుటకు పోలరైజరు అను గాజుచక్రమును లెన్సు ముందు బిగించి మెల్లగా త్రిప్పిన, ఒక కోణమున మెఱపు అణగి, తొక్కపై ముడుతలు బయల్పడును. డీఎస్‌ఎల్‌ఆర్‌నకు సర్కులర్ జాతి పోలరైజరే కొనవలెను. పాత లీనియర్ జాతిది, అద్దముగుండా ఫోకసు యంత్రమునకు పోవు వెలుగును వంచించును. మధ్యాహ్నపుటెండలో కళ్ళము తీయుట వృథాప్రయాస. ప్రొద్దున ఎనిమిదిగంటలలోపు ఏటవాలు కిరణములు పడునపుడు ప్రతి కాయకును తన నీడ తనకుండును. ఆ సమయమున కాయలు తిరగత్రోయు స్త్రీల ముఖములపై క్రిందినుండి ఎఱ్ఱని ప్రతిఫలనము పడి గడ్డములు, చెక్కిళ్ళు జేవురించును. దానిని దోషమని సవరించువారు కలరు. నా మట్టుకు అదియే ఈ నేల ఫొటోకు గుర్తు. నీలిపట్టాల పందిరి క్రింద మాత్రము చర్మమునకు సోకు నీలిచాయ పీనుగుకళ తెచ్చును. అచ్చట వైట్‌బ్యాలెన్సును తెల్లకాగితము చూపి సవరింపవలెను.

ఏటవాలు వెలుగు మాహాత్మ్యము మన ప్రాంతమునకు క్రొత్తది కాదు. వాల్టర్ ఇలియట్ 1845లో త్రవ్వించి మద్రాసునకు చేర్చిన అమరావతి స్తూపశిల్పములను, మద్రాసు ప్రభుత్వపు ఛాయాచిత్రకారుడైన కెప్టెన్ లినేయస్ ట్రైప్ 1858లో ఫొటోలు తీసెను. ఆ మరుసటి యేడే వానిలో పెక్కు లండనుకు తరలిపోయెను. పలనాటి సున్నపురాతిపై లోతు తక్కువగా చెక్కిన ఆ బొమ్మలకు ఎదుటినుండి ఫ్లాషు కొట్టినచో రాయి తప్ప ఏమియు కనబడదు; ప్రక్కనుండి వెలుగు సోకినపుడే ముఖములకు ముక్కుచెవులు వచ్చును. అమరావతికి పోవు మిత్రులు ప్రాతఃకాలముననే స్తూపమున్న ఆవరణకు చేరుట మేలు. ప్రదర్శనశాల లోపల తీయుటకు అనుమతి కలదో లేదో ముందే అడుగవలెను.

ఎండ, ఉప్పుగాలి ఈ రెండును యంత్రమునకు దీర్ఘవైరులు. ఈ తరగతి కెమెరాల వివరపుస్తకములు పనిచేయు ఉష్ణోగ్రతను సున్న మొదలు నలువది డిగ్రీలవఱకని చెప్పును. మన రెంటచింతలలో వేసవి ఆ హద్దును దాటి ఎంతో పైకి పోవునని ప్రతి పత్రికాపాఠకుడు ఎఱుగును. నిలిపియుంచిన కారులో కెమెరాను వదలుట దానిని పొయ్యిమీద పెట్టుటయే. లెన్సులోని జిడ్డు కరిగి ఎపర్చరు రేకులమీదికి ప్రాకును. తెల్లని తువ్వాలు కప్పి నీడన ఉంచుడు. చల్లని గదినుండి వేడి ఉక్కలోనికి తెచ్చునపుడు సంచిని అరగంట తెఱువకుండినచో గాజుపై చెమ్మ పట్టదు.

బాపట్ల సూర్యలంక తీరమునకు పోయి వచ్చినవారు, మంచినీటిలో తడిపి గట్టిగా పిండిన గుడ్డతో కెమెరా వెలుపల నంతయు తుడిచి, ఫ్లాషు తగిలించు లోహపుగాడిని పొడిగుడ్డతో ఆరబెట్టవలెను. ట్రైపాడ్ కాళ్ళను మంచినీళ్ళతో కడుగవలెను. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గఱ తీరము దాటినపుడువలె, రోజులతరబడి ఇంటిగోడలే చెమర్చు దినములలో బీరువాలో తోలుసంచిలోనున్న లెన్సునకు బూజు పట్టును. బూజు మొదట సాలెదారమంత సన్నగా అంచున పుట్టి, గాజుపూతను తిని, పిదప తుడిచినను పోని మచ్చ విడుచును. మూత బిగువైన ప్లాస్టిక్ డబ్బాలో సిలికాజెల్ పొట్లములు, చవుకరకపు తేమకొలమానము నుంచి, తేమను నలువదికి, ఏబదికి నడుమ నిలుపుట ఇంటివైద్యము. నీలిగింజలు గులాబివన్నెకు తిరిగినపుడు వెచ్చచేసి మరల వాడవచ్చును. బియ్యపు డబ్బాలో దాచు పెద్దల ఉపాయము పనికిరాదు, తవుడు లెన్సు సందులలో చేరును. కలరా ఉండలు అసలే కూడదు. వాని ఆవిరి గాజుపై పొగవలె పట్టును. అన్నిటికంటె గొప్ప మందు వాడుక: పదిదినములకొకమాఱు బయటికి తీసి, వెలుతురు తగులనిచ్చి, జూమును అటునిటు త్రిప్పిన లెన్సునకు బూజు సాధారణముగ సోకదు.

తక్కిన జాగ్రత్తలు సంక్షేపముగా చెప్పవచ్చును. బ్యాటరీని నెలలతరబడి దాచునపుడు సగము ఛార్జితో విడిగా ఉంచవలెను. మెమరీకార్డును కంప్యూటరులోగాక కెమెరాలోనే ఫార్మాట్ చేయవలెను. ఎఱ్ఱదీపము మినుకుమనుచుండగా తలుపు తెఱువరాదు. సెకండ్‌హ్యాండు యంత్రమును కొనునపుడు రంగుకంటె షట్టరు లెక్క అడుగవలెను: నికాన్ డీ7200 వంటిది లక్షా ఏబదివేలమార్లకు పరీక్షింపబడినది, పెండ్లిళ్ళ ఋతువులు నాలుగైదు చూచిన కెమెరా అందులో పెద్దభాగము ఖర్చుచేసియుండును. లెన్సు వెనుకనుండి సెల్‌ఫోను దీపము వేసి ముందునుండి చూచిన, అమ్మువాడు చెప్పని బూజు కనబడును. కోటప్పకొండ శివరాత్రి తిరునాళ్ళలో విద్యుద్దీపముల ప్రభలను తీయగోరువారు ఫ్లాషు ఆపి, మాన్యువల్ పద్ధతిలో ఐఎస్‌ఓ 1600, ఎఫ్/4, అఱువదవవంతు సెకనుతో ప్రారంభించి, బల్బుల వెలుగు తెల్లబోకుండ సవరించుకొనవచ్చును. ఆ జనసమ్మర్దములో ట్రైపాడ్ తెచ్చువాడు పదిమంది తిట్లు తినును.

కళ్ళములోను యార్డులోను కనబడువారు మన బొమ్మలకై కూర్చున్నవారు కారు, దినకూలికై కూర్చున్నవారు. ముందు పలుకరించి, "అమ్మా, ఒక ఫొటో తీసుకోమంటారా?" అని అడిగి, వలదన్నచో మారుమాటాడక మఱలవలెను; సరేయన్నవారికి ఒక ప్రతిని అచ్చు వేయించి ఇచ్చుటకు అయ్యెడు ఖర్చు టీఖర్చును మించదు. బీరువాలో సంవత్సరముగా నిద్రించు డీఎస్‌ఎల్‌ఆర్ గలవారు ఈ ఆదివారముననే దానిని బయటికి తీసి, బ్యాటరీని ఛార్జి చేసి, తేదీ గడియారమును సరిచేసి, వెల్లగోడపై ఎఫ్/16 పరీక్ష జరుపుడు. మిరపకోతలు ముగిసి యార్డునకు వేసవి సెలవులు రాకమునుపు ఆ మచ్చలు వదలించుకొనవలసియున్నది.